ముసలి ఎలుగు లేచేదాకా...

పిల్లల పాటల్ని తూచడానికి నా దగ్గర ఒకే ఒక రాయి ఉంది. పెద్దవాళ్ళు గదిలోంచి లేచిపోయాక కూడా పిల్లలు ఆ పాట పాడుకుంటున్నారా, లేదా? పాడుకుంటూంటే అది మంచి పాట. మనం చూస్తున్నామనో, బిస్కట్టు ఇస్తామనో పాడితే అది పాట కాదు, పాఠం అప్పజెప్పడం! ఈ రాయితో తూస్తే పోలెండు దేశపు జంతువుల పాటలూ, వాటితో ఆడే ఆటలూ బాగానే బరువు తూగాయి. ఎక్కడి పోలెండు, ఎక్కడి మనం అంటారా? కాస్త ఓపిక పట్టండి, అక్కడికే వస్తాను.

వీటిలో పెద్దపీట ముసలి ఎలుగుబంటి ఆటది. ఒక పిల్లో, పిల్లాడో మధ్యలో కళ్ళు మూసుకుని ముడుచుకుని పడుకోవాలి. ఆ బిడ్డే ఎలుగు. మిగతావాళ్ళు చేతులు పట్టుకుని చుట్టూ తిరుగుతూ, దాని నిద్ర ఎక్కడ చెడుతుందోనని భయం నటిస్తూ, మునివేళ్ళమీద అడుగులేస్తూ పాడతారు. తర్వాత గంటలు లెక్కపెడతారు. మొదటి గంటకి ఎలుగు నిద్రలోనే ఉంటుంది. రెండో గంటకి గుర్రు పెడుతుంది. మూడో గంటకి లేచి పట్టుకుంటుంది. ఇక చూడండి, చెట్టుకొకరు పుట్టకొకరు! దొరికినవాళ్ళు తర్వాతి ఎలుగు, మన దాగుడుమూతల్లో దొంగ అయినట్టే.

ఓస్, ఇంతేనా అనుకోకండి. ఇందులో పనితనం చూడండి. అల్లరి మూకని 'హుష్, మాట్లాడకండి' అని ఏ టీచరూ కసరక్కర్లేదు. ఎలుగు లేస్తుందని వాళ్ళే గొంతు తగ్గిస్తారు. మొదటి, రెండో, మూడో అన్న లెక్క చెప్పకుండానే వచ్చేస్తుంది. అన్నిటికన్నా గొప్ప సంగతి, భయాన్ని ఉగ్గుగిన్నెతో కొలిచి పోసినట్టు పోయడం. మూడో గంటకే ప్రమాదమని అందరికీ తెలుసు. అయినా గుండె దడదడలాడుతుంది! నిన్న భయపడ్డవాడు ఇవాళ భయపెట్టేవాడవుతాడు. పసివాళ్ళకి ధైర్యం నూరిపోయడానికి ఇంతకన్నా సులువైన ఉపాయం నాకైతే కనిపించలేదు.

ఎలుగుని వాళ్ళ భాషలో పిలిచే మాటకి మూలార్థం 'తేనె తినేది' అని. పూర్వం అడవుల్లో బతికిన జనం దాని అసలు పేరు పలికితే అదే వచ్చి మీదపడుతుందని జడిసి, ఈ మారుపేరు పెట్టుకున్నారని భాషాశాస్త్రవేత్తలు అంటారు. మన పల్లెల్లో రాత్రిపూట పాముని 'పురుగు' అనరూ? అదే భయం, అదే తెలివి. ఆ పాత భయాన్ని ఇప్పుడు నాలుగేళ్ళ పిల్లలు చేతులు పట్టుకుని ఆడుకుంటున్నారు.

ఇంకా చిన్నవాళ్ళకి ఒళ్ళో ఆటలున్నాయి. ఒక పక్షి, మ్యాగ్‌పై అంటారే అది, తన పిల్లలకి గంజి కాచి పెడుతుంది. తల్లి బిడ్డ అరచేతిలో వేలితో గుండ్రంగా తిప్పుతూ గంజి కలుపుతుంది. ఒక్కొక్క వేలూ మడుస్తూ ఒక్కొక్క పిల్లకి ఒక్కో రకంగా వడ్డిస్తుంది. చివరికి పక్షి తుర్రున ఎగిరిపోతుంది. చదువుతూంటే మీకు నవ్వొచ్చి ఉంటుంది. అరచేతిలో పప్పూ అన్నం కలిపి, తలా ఓ ముద్ద పెట్టి, చెయ్యిమీదుగా వేళ్ళు నడిపిస్తూ చంకలో చక్కిలిగిలి పెట్టని తెలుగు అమ్మమ్మ ఉంటుందా? ఆ గంజి ఆట అక్కడ ఎవరికీ విడ్డూరం కాదు, మన పప్పన్నం ఇక్కడ విడ్డూరం కానట్టే.

ఇక నేర్పే తీరు సంగతి. చికాగోలో పోలెండువాళ్ళు బాగా ఎక్కువ. మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు పక్కింట్లో ఒక పోలిష్ బామ్మగారు పరిచయమయ్యారు. బామ్మని వాళ్ళు 'బాప్చా' అంటారు. నాలుగేళ్ళ మనవడికి ఇంగ్లీషు తప్ప ఇంకో మాట రాదు, ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడ పలకా బలపం పట్టలేదు. మోకాళ్ళ నొప్పులతోనే తివాచీమీద పడుకుని ఎలుగుబంటి అయింది! నేనున్న మూడు వారాల్లో ఆ పిల్లాడు 'మూడో గంట' అని పోలిష్‌లో కేక పెట్టి పరుగెత్తడం నా చెవులతో విన్నాను. దానికి అనువాదం వాడెవర్నీ అడగలేదు. అడగడానికి తీరికేదీ? వెనకాల ఎలుగు వస్తోందాయె!

ఇదే ఆటని అక్కడే ఒక వారాంతపు బడి వార్షికోత్సవంలోనూ చూశాను. ఎలుగు టోపీలు, రికార్డు చేసిన సంగీతం, వరసగా నిలబెట్టిన పిల్లలు. పసివాళ్ళు జడుసుకుంటారని కాబోలు, ఎలుగు ఎవర్నీ పట్టుకోలేదు. లేచి అందరికీ చేయి ఊపింది. తల్లిదండ్రులు ఫోటోలు తీసుకున్నారు. నాకు మాత్రం ఉప్పులేని చారు తాగినట్టయింది. పట్టుకోని ఎలుగు కోసం మునివేళ్ళమీద ఎందుకు నడవాలి? భయం తీసేస్తే ధైర్యమూ పోయింది, దాంతో పాటే మాటలు గుర్తుండే కారణమూ పోయింది. తెర దిగాక ఒక్క పిల్లా ఆ పాట ఎత్తలేదు.

రాసిన పాటలకీ లోటు లేదు. జూలియన్ తువీమ్ పిల్లల గేయాలకి విటోల్డ్ లుటొస్లావ్‌స్కీ అంతటి సంగీతకారుడు 1947లో బాణీలు కట్టాడు. ఆ ఆరు పాటల్లో పిల్లిపిల్ల ఉంది, పిట్టల ఊసులూ ఉన్నాయి. యాన్ బ్జెహ్వా రాసిన తిక్క బాతు మంగలి దుకాణానికి వెళ్ళి జున్ను అడుగుతుంది! అచ్చమైన హాస్యం. కానీ భాష తెలిస్తేనే ఆ నవ్వు. అందుకే ఈ పాటలు రెండో మెట్టు. ముందు అరచేతిలో గంజి, తర్వాత ఎలుగు, ఆ తర్వాతే బాతు. ఈ వరస తారుమారు చేసి, మూడేళ్ళ పిల్లచేత కవిగారి పద్యం బట్టీ పెట్టిస్తే, చప్పట్లు వస్తాయేమో కాని భాష రాదు.

భాష గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, పోలెండువాళ్ళకి అది పోగొట్టుకోబోయి దక్కించుకున్న సొమ్ము. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ దేశానికి తరలించబడ్డ పోలిష్ కుటుంబాలు కొన్ని చివరికి మన దేశం చేరాయి. 1942లో జామ్‌నగర్ మహారాజు బాలాచడిలో పిల్లలకి నీడనిచ్చాడు. వాళ్ళలో ఎందరో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నవాళ్ళు. 1943 నుంచి 1948 దాకా కొల్హాపూర్ దగ్గర వలివడెలో దాదాపు 5,000 మంది ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. ఇల్లు లేదు, ఊరు లేదు, అయినా అక్కడ సొంత భాషలో బళ్ళు నడుపుకున్నారు. అన్నీ పోయినచోట కూడా బిడ్డ నాలుకమీద మాట నిలబెట్టాలనుకున్న ఆ తల్లుల్ని తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మనకా కష్టం రాలేదు. అన్నీ ఉండగానే పోగొట్టుకుంటున్నాం! అమెరికా నుంచి వచ్చిన మనవరాలిచేత చుట్టాల ముందు ఒక పద్యం చెప్పించి మురిసిపోతాం. ఆ పిల్ల విమానం ఎక్కేలోగా దాన్ని మరిచిపోతుంది. దానికి బదులు ఓ సాయంత్రం టీవీ కట్టేసి, దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని అరచేతిలో పప్పన్నం కలపండి. కాస్త పెద్దదైతే నడుం బిగించి మీరే దొంగ అవండి. మోకాళ్ళ నొప్పులంటారా? ఆ బాప్చాగారికీ ఉన్నాయి మరి!