అమ్మ ముందు, ఒత్తు తర్వాత

వసంత పంచమినాడు బాసర జ్ఞాన సరస్వతి గుడి అక్షరాభ్యాసాలతో కిటకిటలాడుతుంది. బియ్యంలో ఓనమాలు దిద్దించి ఇంటికొచ్చాక చాలామంది అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అంటూ వరసపెడతారు. ఒకటి పూర్తిగా వస్తే గానీ రెండోది తాకనివ్వరు.

ఆ వరసలో గొప్ప పద్ధతి ఉంది. కంఠం నుంచి పెదవుల దాకా ధ్వని పుట్టే చోటును బట్టి హల్లులను పేర్చారు. నాలుక తిరగడానికి అది చక్కటి సాధన. చదవడానికి మాత్రం అదొక్కటే చాలదు. క, ఖ, గ, ఘ, ఙ నేర్చిన పిల్లకు వాటితో చదువుకునే మాటలు దాదాపు ఉండవు. అదే త, ల, ప, క ముందు చూపిస్తే తల, కల, లత, పలక, కలప వచ్చేస్తాయి. దీర్ఘం ఒక్కటి చేరిస్తే తాత, పాప, పాక. ఆపైన ‘తాత కాపలా’ అని రెండు మాటలు కలిపి చదివేయొచ్చు!

ఇక ఒత్తులు. వాటిని అన్నిటికంటే ఆఖర్న నేర్పుతారు గానీ ఇల్లంతా ఉన్నవి అవే: అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, అవ్వ, బువ్వ. రోజూ నోట్లో ఆడే ఈ మాటలను అంతకాలం దాచిపెట్టడం అన్యాయం. ఇంట్లోవాళ్ళ ఫోటోల కింద పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తే పిల్లలు మాటను మాటగానే గుర్తుపడతారు. మ, న, ల ఒత్తులు అసలు అక్షరాలను పోలి ఉండవు. ‘అమ్మ’ను ముందే ఎరిగిన పిల్లకు, మ పక్కనున్న ఆ గుర్తు కూడా మ అని చెబితే ఇట్టే ఎక్కుతుంది.

గుణింతం దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. క కా కి కీ అని గడగడా అప్పజెప్పే పిల్లాడే ‘కూర’ చూసి ఆగిపోతాడు. మళ్ళీ క దగ్గర ఎత్తుకుని, పాడుకుంటూ కూ దాకా వస్తాడు. వాడికి వచ్చింది పాట, గుర్తు కాదు. గద్దిస్తే ఆ పాట కూడా మరిచిపోతాడు. కి, కూ, కే, కో కాగితం ముక్కల మీద రాసి, కలిపేసి, ఒక్కోటీ తీయించాలి.

పిల్లలు ఎంతవరకు వచ్చారో చూసుకోవడానికి 2005లో మొదలైన, పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. ముందు చిన్న పేరా చదవమంటారు. వస్తే కథ ఇస్తారు, రాకపోతే మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. అలా స్థాయి తెలిశాక దానికి తగ్గ పుస్తకం వెతుక్కోవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ఆన్‌లైన్ కథల వేదిక స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగానే దొరుకుతున్నాయి. ఒక పేజీ పెద్దవాళ్ళు, ఒక పేజీ పిల్లలు చదివితే బాగుంటుంది. తడబడిన చోట మాట వెంటనే అందించకుండా కాసేపు ఆగాలి. చాలాసార్లు వాళ్ళే కూడబలుక్కుని చదివేస్తారు.