మందు కొట్టే పంపు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఇంజెక్షన్ మౌల్డింగ్ భాగాలకు వర్తించే నియమాలను గత పాఠంలో చదివారు. గోడ మందం అంతటా ఒకేలా ఉండాలి, అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి గోడకు 1 నుంచి 2 డిగ్రీల వాలు ఉండాలి, మూలలు గుండ్రంగా ఉండాలి. ఇవన్నీ పాటించినా వస్తువు చెడ్డది కావచ్చు. మార్టూరు చుట్టుపక్కల పత్తి, మిర్చి చేలల్లో వీపున వేసుకుని మందు కొట్టే పంపునే ఉదాహరణగా తీసుకుందాం. మీ ఇంట్లో ఉంటే దగ్గర పెట్టుకుని చదవండి, శుభ్రంగా కడిగినదైతేనే.

16 లీటర్ల ట్యాంకు బ్లో మౌల్డింగ్‌లో తయారవుతుంది కనుక దాన్ని వదిలేద్దాం. మూత, ట్రిగ్గర్, చాలా రకాల్లో బెల్టు తగిలించే కొక్కెం మన పాఠానికి చెందినవి. ట్యాంకు నిండితే నీటి బరువే 16 కిలోలు. గట్టు దిగేటప్పుడు కుదుపుకు లాగుడు ఇంకా పెరుగుతుంది. కొక్కెం విరిగితే ట్యాంకు ఒక పక్కకు ఒరిగి, మూత సందులోంచి మందునీళ్లు మోసేవారి నడుము మీద పడతాయి.

కొక్కెం ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పవచ్చు. కరిగిన ప్లాస్టిక్ గేటు గుండా అచ్చులోకి వచ్చి, బెల్టు కన్నం కోసం పెట్టిన పిన్ను దగ్గర రెండు పాయలుగా చీలి, అవతల మళ్లీ కలుస్తుంది. అప్పటికే కొంత చల్లబడిన ఆ రెండు అంచులు పూర్తిగా అతుక్కోవు. అక్కడ మిగిలే సన్నని గీతే వెల్డ్ లైన్. గేటును ట్యాంకు వైపు పెడితే మచ్చ కనిపించదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ గీత సరిగ్గా బెల్టు లాగే చోట పడుతుంది. దీన్ని తయారీ లోపం అనడం నాకు సమ్మతం కాదు, ఇది రూపకల్పన లోపమే. గేటును బయటి మూలకు, బెల్టు ఆనని చోటికి మారిస్తే, గీత కొక్కెం ట్యాంకు పట్టీతో కలిసే వెడల్పైన భాగానికి పోతుంది. మచ్చ బయటికి కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

విరుగుతోంది కదా అని మందం పెంచడం మనవాళ్లకు అలవాటైన మరమ్మతు. చల్లబడే కాలం సుమారుగా మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 మిల్లీమీటర్లను 4 చేస్తే దాదాపు 4 రెట్లు ఆగాలి. పైగా లోపల బోలు ఏర్పడుతుంది, పైన గుంట పడుతుంది. గోడను అలాగే ఉంచి, దాని మందంలో 50 నుంచి 60 శాతం మందంతో రిబ్బులు ఇవ్వడం మేలు. ఈ నిర్ణయాలు అచ్చు ఉక్కు కోయక ముందే జరగాలి. అచ్చులో ఇంకా కోసి భాగానికి ప్లాస్టిక్ చేర్చవచ్చు గానీ, కోసిన ఉక్కును తిరిగి నింపడం ఖర్చుతో కూడిన పని.

ఇక మూత. లోపలి మరలను గుండ్రంగా, లోతు తక్కువగా ఇస్తే, సాగే గుణమున్న పాలీప్రొపిలీన్ మూతను తిప్పకుండానే అచ్చు నుంచి లాగేయవచ్చు. ఇది మెచ్చుకోదగిన తెలివి. అంత తెలివి చూపినవారు బయటి అంచును నున్నగా ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు. మందు అంటిన తడి చేతికి అది జారుతుంది, బిగుసుకోదు. అచ్చు తెరుచుకునే దిశలోనే నిలువు గాళ్లు పెడితే అచ్చులో అదనపు కదలిక ఏదీ అక్కర్లేదు. ఖర్చు సాకు ఇక్కడ చెల్లదు.

అభ్యాసం: మీ దగ్గరున్న మూత మీద గేటు మచ్చను, ఎజెక్టర్ పిన్నుల గుండ్రని గుర్తులను వెతకండి. కొక్కెం మీద వెల్డ్ లైన్ కనిపిస్తే, బెల్టు లాగే దిశను బాణంతో గుర్తించి బొమ్మ గీయండి.