ప్రూఫు ప్రతులు, వివాద నవలలు: ఏ పాఠాన్ని చదువుతున్నాం?

పుస్తకం అచ్చయ్యే ముందు తప్పులు దిద్దడానికి తీసే ప్రతిని ప్రూఫు అంటారని మీకు తెలుసు. ఇంగ్లండు, అమెరికాలలో ప్రూఫులకు అట్టవేసి సమీక్షకులకు ముందుగా పంపే ఆచారం ఉంది. వివాదంలో చిక్కుకున్న నవల ప్రూఫు దొరికితే సేకర్తలు పెద్ద మొత్తాలు చెల్లిస్తారు. విమర్శకుడికి ఆ ధరతో పనిలేదు. ప్రచురణకర్తకు భయం పుట్టకముందు రచయిత ఏం రాశాడన్నదే అతనికి ముఖ్యం. జేమ్స్ జాయిస్ 1922లో వెలువడిన 'యులిసిస్'లో చాలా భాగాన్ని ప్రూఫుల మీదే పెంచాడు. ఆ ప్రూఫులు మిగిలాయి కాబట్టే నవల ఎలా పెరిగిందో తెలిసింది.

హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేస్తూ ఈ పాఠం చదువుతున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. ప్రోగ్రాములో ఏ వరుసను ఎవరు, ఎప్పుడు మార్చారో మీ దగ్గర నమోదై ఉంటుంది. తెలుగు నవలకు అటువంటి నమోదు లేదు. మన అచ్చుకూటాల్లో దిద్దిన ప్రూఫులు చాలావరకు చిత్తుకాగితాల్లో కలిసిపోయాయి. అందుకే మనకు తొలి ముద్రణలు, వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లే ప్రూఫులతో సమానం.

'మాలపల్లి'నే తీసుకోండి. ఉన్నవ లక్ష్మీనారాయణ దాన్ని జైలులో రాశారు. అదీ 1922లోనే వెలువడింది. సంగదాసు హత్య, అతని అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడుగా మారి ధనికులను దోచడం మద్రాసు ప్రభుత్వానికి మింగుడుపడలేదు. నవలను నిషేధించింది. తర్వాత కొన్ని మార్పులతో ముద్రణకు అనుమతించింది. రాజాజీ మంత్రివర్గం 1937లో ఆంక్షలను తొలగించింది. అంటే ఈ నవలకు ఒకటికి మించిన పాఠాలున్నాయి. ఉన్నవ గాంధేయవాదా, విప్లవ పక్షపాతా అని మనం వాదించుకుంటాం. జగ్గడి ప్రకరణాలను ఏ ముద్రణలో చదివామో చెప్పకుండా ఆ వాదనకు విలువ లేదు. ప్రాచీన కావ్యాలకు తాళపత్ర ప్రతులు పోల్చి పాఠం నిర్ణయించిన మనవాళ్లు నవల దగ్గరకొచ్చేసరికి బజారులో దొరికిన ముద్రణతో సరిపెట్టుకోవడం నాకు వింతగానే ఉంటుంది!

సేకర్తలను నేను తక్కువ చేయను. ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో పాత ప్రతులు ఏరి కాపాడింది వాళ్లే. కానీ బీరువాలో తాళం పడ్డ ప్రతి విమర్శకు ఉపయోగపడదు. గ్రంథాలయంలో ఉన్నంత మాత్రాన భద్రమనీ అనుకోవద్దు. 2000 ఆగస్టు వరదనీరు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుస్తకాలను ముంచేసింది. అరుదైన ప్రతి ఎవరి దగ్గరున్నా ముందు దాన్ని స్కాన్ చేయించాలి.

వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల' ఆంధ్రజ్యోతి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అభ్యాసం కోసం ఆ పాత సంచికల్లో ఒక్కటైనా సంపాదించి, పుస్తకంలోని అదే భాగం పక్కన పెట్టి చదవండి. తేడా కనిపించిన ప్రతి వాక్యాన్నీ రెండు రూపాల్లోనూ రాసుకోండి. ఏ ముద్రణ, ఏ సంవత్సరం అన్నది పక్కనే వేయండి.