గండిపేట ఉపమానము ఎంతవరకు చెల్లును?

ధనము, ఇంజనీరింగు చేతిలో నున్నంతకాలము శీతోష్ణస్థితి మార్పునకు భయపడ నక్కరలేదని వాదించువారు కలరు. హైదరాబాదులో వారికి మంచి ఉదాహరణమే దొరకును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. మరుసటి సంవత్సరమే నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. వారి సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్ సాగరము, అనగా మన గండిపేట చెరువు, 1920లోను, ఈసీనదిపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి. ప్రభువు ధనమిచ్చెను, ఇంజనీరు బుద్ధినిచ్చెను, వరద లొంగెను. భూగోళపు వేడిమి మాత్రము ఏల లొంగదు?

వాదము బలమైనదే. కాని దీనిని మొదట కవాడిగూడలో నిలబెట్టి చూడవలెను. హుస్సేన్ సాగరపు మత్తడి దాటిన నీరు ఆ ప్రక్కనే నాలాగా దిగి, అశోక్ నగర్ మీదుగా మూసీకి పోవును. 2000 ఆగస్టులో ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురియగా ఈ నాలా చుట్టుపట్ల ఇండ్లు మునిగినవి. 2020 అక్టోబరులో బేగంపేటలో 24 గంటలకు 19 సెంటీమీటర్లు కురిసినపుడును నగరము నీటిపాలైనది. విశ్వేశ్వరయ్యగారి జలాశయములు నగరమునకు పడమట నున్నవి. నగరము నెత్తిన పడిన వాన వానిలో చేరదు.

1908 నాటికంటె ఈ నగరము ఎన్నో రెట్లు ధనవంతమైనది. ఆ ధనముతోనే మేడలు, సిమెంటు రోడ్లు వచ్చినవి; ఇంకవలసిన నీరు నాలాలపై పడినది. కలిగినవాడు ఇంటి పునాది ఎత్తు చేసికొనును. నాలా ఒడ్డున గుడిసెలో నున్నవాడు ఏమి ఎత్తు చేసికొనగలడు? పై వానలన్నిటికి భూతాపమే కారణమని తేల్చరాదు. అయినను గాలి ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కిన, అది పట్టగల నీటి ఆవిరి సుమారు 7 శాతము పెరుగును. ఇంజనీరు కాలువ వెడల్పును గడచిన వానల లెక్కనుబట్టి నిర్ణయించును. ఆ లెక్కయే మారుచున్నది.

ఉపమానములోని అసలు దోషము వేరు. నదీవరద రెండుమూడు దినములలో తీయును. గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, అట్లు తీయదు. అందులో సుమారు సగమును సముద్రములు, వృక్షములు పీల్చుకొనును. మిగిలినదానిలో చాలభాగము శతాబ్దములు నిలుచును. యంత్రయుగమునకు పూర్వము పది లక్షల పాళ్ళ గాలిలో ఇది 280 పాళ్ళు. 1958లో హవాయి దీవిలోని మౌనాలోవాపై కొలతలు ప్రారంభమైనపుడు 315. 2024లో అచ్చటనే 424. ఇప్పుడు ఏటికి ఇంచుమించు రెండున్నర పాళ్ళు పెరుగుచున్నది. 1908 నుండి 1927 వరకు రెండు జలాశయములకు పట్టినది 19 ఏండ్లు. నేటి వేగమున అంతకాలములో 45 పాళ్ళకు పైగా చేరును. వదలు వాయువును సగమునకు తగ్గించినను మట్టము వెంటనే దిగదు, పెరుగుదల మాత్రము మందగించును.

గాలినుండి ఆ వాయువును తిరిగి లాగవచ్చును గదా యందురు. లాగవచ్చును. 2024లో ఐస్‌లాండులో ప్రారంభమైన ‘మమ్మత్’ కర్మాగారము పూర్తి సామర్థ్యమున ఏటికి 36,000 టన్నులు లాగుటకు నిర్మింపబడినది. బొగ్గు, చమురు మున్నగు ఇంధనములనుండి, సిమెంటు తయారీనుండి ప్రపంచము ఏటికి వదలునది ఇంచుమించు 3,700 కోట్ల టన్నులు. సంవత్సరమునకు 3 కోట్ల 15 లక్షల సెకండ్లు. విద్యార్థులు నల్లబల్లపై భాగహారము చేసి చూడవచ్చును: సెకండునకు సుమారు 1,170 టన్నులు. ఆ కర్మాగారపు సంవత్సర శ్రమ మన అరనిమిషపు పొగకు సమానము!

ఇంజనీరింగు వ్యర్థమని దీని భావము కాదు. అట్లనువారిది మరియొక తొందరపాటు. సౌరఫలకముల ధర 2010 నాటి ధరలో పదవవంతుకంటె తగ్గినది. ఇది ఇంజనీర్ల ఘనకార్యమే. కర్నూలు ప్రాంతమున 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో సిద్ధమైనది. పొగ రాకుండ చేయుట, వచ్చిన పొగను పట్టుటకంటె ఎంతో చౌక. చిక్కెల్ల, క్రొత్తది పాతదానికి బదులుగా వచ్చుచున్నదా, దానికి తోడుగా వచ్చుచున్నదా అనునదే.

రామగుండమును చూడుడు. అచ్చటి ఎన్.టి.పి.సి. జలాశయముపై తేలు 100 మెగావాట్ల సౌరకేంద్రము 2022లో పూర్తియైనది. చూడ ముచ్చటైనది. ఒడ్డున 2,600 మెగావాట్ల పాత బొగ్గు కేంద్రము ఉండనే యున్నది. అదే ప్రాంగణమున 800 మెగావాట్ల క్రొత్త బొగ్గు యూనిట్లు 2023లో ఒకటి, 2024లో ఒకటి జాతికి అంకితమైనవి. సూర్యుడు రాత్రి ఉండడు, పంపుసెట్లకు, ఇండ్లకు కరెంటు కావలెను. కనుక వీనిని కట్టినవారిని దోషులనుట న్యాయము కాదు. కాని బొగ్గు యూనిటు ఒకసారి రగిలిన దశాబ్దములు నడచుటకే కట్టబడును. దానిని ముందుగా ఆపిన నష్టమును ఎవరు భరింతురు? సింగరేణి కార్మికునకు వేరుపని ఎవరు చూపుదురు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఇంజనీరు పటములలో దొరకదు. శాసనసభల బడ్జెట్లలో వెదకవలెను. ఈలోపున మౌనాలోవా కొలత ఏటికి రెండున్నర పాళ్ళ చొప్పున పైకి పోవుచునే యున్నది.