దీవులను గూర్చిన మన వ్రాతలు

ఇటీవల మన పత్రికలలో ఒక తీరు వ్యాసము తరచుగా కానవచ్చుచున్నది. పట్టణవాసి యొకడు సెలవుదినమున బయలుదేరి, నీటిని దాటి, దారి సరిగా లేని చిన్న ఊరొకటి చేరి, అచ్చట ఒక పూట గడపి, తిరిగివచ్చి దానిని గూర్చి వ్రాయును. ఇట్టి వ్యాసములను మేము ఆసక్తితోనే చదువుచున్నాము. వీనివలన మేలు లేదని మా అభిప్రాయము గాదు. కాని పది వ్యాసములు చదివిన వెనుక ఆ ఊరిని గూర్చి మనకేమి తెలిసినదని ప్రశ్నించుకొన్నచో, వచ్చినవాని మనస్సును గూర్చి చాలయు, ఉన్నవారి బ్రతుకును గూర్చి స్వల్పముగను తెలిసినదని చెప్పవలసివచ్చును. ఈ కొరత యెక్కడ పుట్టినదో, దానివలన కలుగు నష్టమెట్టిదో విచారించుటయే ఇచ్చట మా ఉద్దేశము.

దూరదేశముల మాట యెందుకు? మన కృష్ణామండలమునే యుదాహరణముగ గైకొందము. విజయవాడయొద్ద కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తియైనది. 1957 లో దాని స్థానమున ప్రకాశము బారేజి వెలసినది. అక్కడ చీలిన కాలువలే డెల్టానంతను పండించుచున్నవి. నది మాత్రము దిగువకు సాగి, పులిగడ్డయొద్ద రెండు పాయలై, నడుమనున్న దివిసీమను దీవిగ జేసినది. ఆ పాయలు సముద్రమును జేరుచోట, నాగాయలంక మండలమున ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ మొదలగు ఊళ్లున్నవి. ఇవి దీవిలోని దీవులు. నేల ముగిసి సముద్రము మొదలగు ఎల్లయు, కృష్ణా బాపట్ల జిల్లాల నడిమి యెల్లయు ఇచ్చటనే కలియుచున్నవి. చుట్టును మడ అడవులు. జనులలో పెక్కురు మత్స్యకారులు, యానాదులు. ఎదురుమొండికి పోవువారు ఏటిమొగ రేవున పంటుకై వేచియుండుట చిరకాలముగ నున్న యలవాటు. అచ్చట వారధి కట్టుదుమను మాటయు దశాబ్దములుగ వినబడుచునేయున్నది.

ఈ ఊళ్లను గూర్చిన వ్రాతలు స్థూలముగ రెండు తెగలు. మొదటిది సౌందర్యమును వర్ణించునది. హంసలదీవి సాగరసంగమము, మడచెట్ల నీడలు, ఇసుకతిన్నెలపై సూర్యోదయము, ఇవి యందలి విషయములు. వర్ణన తప్పు గాదు. కాని ఆ వర్ణనలో మనుష్యుడు కొంగవలె, పడవవలె, దృశ్యమునకు అలంకారముగ నిలిచిపోవును. అతనికి "లోకమెరుగని అమాయకుడు" అను బిరుదొకటి దొరకును. నిజమునకు లోకమెరుగనివాడెవడు? అచ్చటివారు పట్టిన పీతయు, ఆ తీరమున పెంచిన రొయ్యయు సముద్రములు దాటి పరదేశపు భోజనశాలలకు జేరుచున్నవి. ధర యెప్పుడు పెరుగునో, యెందుకు విరుగునో వారికి దెలియును. తన పళ్లెములోని రొయ్య యే మడుగునుండి వచ్చినదో పట్టణవాసికే దెలియదు.

కాళిదాసు నాగరక కవి. ఐనను మేఘసందేశమున ఆయన మేఘమును పల్లెల మీదుగ నడిపించునప్పుడు, పల్లెపడుచులు తలయెత్తి ఆ మేఘమును జూచుచున్నారని చెప్పెను. వారి చూపులో విలాసము లేదు. పంట ఆ మేఘముపై నాధారపడియున్నదని వారెరుగుదురు. ఎంత సూక్ష్మమైన పరిశీలనము! ప్రయాణము చేయువాడు జూచుటయే గాక, ఆ దారిలోనివారు వానిని జూచుటయు, ఆ చూపునకొక కారణముండుటయు కవి మరువలేదు. మన వ్యాసకర్తలు మరచుచున్నది ఇదియే.

మేమును ఒకప్పుడు ఆ దీవికి బోయితిమి. ఊరు తిరిగి చూచుచుండగ, వలలు బాగుచేయుచున్న ముదుసలి యొకతె మబ్బును జూచి, "వానొచ్చిందంటే పంటు ఆపేస్తారు మాస్టారూ, మీరు ముందే ఎల్లిపోండి" అని మమ్ము తొందరచేసెను. ఆమె మాటలో దీవిని గూర్చి మా పుస్తకములన్నిటికంటె నెక్కువ విషయమున్నది. మబ్బు పట్టిన దారి మూయును. ఆ సంగతి ఆమెకు నిత్యానుభవము. మాకు మాత్రము ఒక పూట చిక్కు. మన వ్యాసములు సాధారణముగ "మనస్సును అచ్చటనే విడిచివచ్చితిమి" అను వాక్యముతో ముగియును. మనస్సు మాట యెట్లున్నను, దర్శకుని శరీరమును చీకటి పడకమునుపే ఒడ్డు జేర్చవలయునను చింత దీవివారికే కలుగుచున్నది.

రెండవ తెగ కరుణను వర్ణించునది. దీనికి మూలము 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. ఆనాడు సముద్రము దివిసీమలో మైళ్లకొలది లోనికి జొచ్చినది. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు సుమారు 10,000. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ల పేళ్లు నేటికిని వినువారి గుండె నదరజేయును. అంతకుమున్ను 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది నశించిరి. ఇట్టి దుఃఖమును గూర్చి కన్నీటితో వ్రాయుట సహజము. కాని ఆ కన్నీటిలో "ప్రకృతి ఆగ్రహమునకు మానవుడేమి చేయగలడు?" అను నిట్టూర్పు కలసినప్పుడు మేము ఆక్షేపింపక తప్పదు. ఏలయన, 1990 మే 9న మరియొక ప్రచండమైన తుపాను కృష్ణాముఖముననే తీరమును దాటినది. అప్పటికి హెచ్చరికలు మెరుగుపడినవి. లక్షకు మించిన జనమును ముందుగనే తరలించిరి. రాష్ట్రమంతట మృతుల సంఖ్య వేయిలోపుననే నిలిచినది. ఆ వేయిమందియు మనుష్యులే. ఐనను సముద్రము మారలేదు, తీరము మారలేదు. మారినది మన యేర్పాటు. దీనిని చెప్పని కరుణ విధిని నిందించి, కర్తవ్యమును నిద్రపుచ్చును.

"సాహిత్యము ప్రభుత్వ నివేదిక గాదు గదా, ఈ లెక్కలన్నియు నెందుకు?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. మన ఆలంకారికులే దీనికి సమాధానము చెప్పియున్నారు. విభావము లేక రసము నిష్పన్నము గాదు. కన్నీరు అనుభావము. దానికి కారణమైన వస్తువును పాఠకుని యెదుట నిలుపక, కన్నీటిని మాత్రము చూపినచో అది రసము గాదు, రచయిత వ్యాధి. పంటు నిలిచిన రాత్రి నొప్పులు పడుచున్న యిల్లాలు ఏ పడవలో, ఎవరి సాయమున నీటిని దాటవలయును? ఊరి బడి చదువు ముగిసిన బాలిక పై తరగతికి ప్రతిదినము ఏరు దాటుటకు తల్లిదండ్రులు జంకినచో, ఆ జంకును మూఢత్వమందుమా, లేక దారిలేమి యందుమా? ఈ ప్రశ్నలను నిలువబెట్టిన వాక్యము వర్ణనలు నిండిన పది పుటలకంటె హృదయమును కదలింపగలదు.

ఇట్టి రచనకు మాదిరులు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరములలో చేసిన యాత్రను కాశీయాత్రచరిత్రగ వ్రాసిరి. అది 1838 లో అచ్చుపడినది. ఏ మజిలీకి దారి యెట్టిది, ఏ ఊర అంగళ్లున్నవి, నీరెట్టిది అని ఆయన శ్రద్ధతో గుర్తించెను. తరువాతి బాటసారికి ఉపయోగపడవలయునను బుద్ధి యందు కానవచ్చును. ఆంగ్లమున జాన్సను పండితుడు 1773 లో స్కాట్లండు పశ్చిమ ద్వీపములను దర్శించి, 1775 లో గ్రంథము ప్రకటించెను. అందు ఇండ్ల కిటికీలు తెరచుకొను తీరును గూర్చి కూడ వ్రాసి, జీవితము ఘనకార్యములతో గాక నిత్యపు చిన్న అవసరములతో నిండియుండునని సమర్థించుకొనెను. జనులేల ఊళ్లు విడచి పరదేశములకు బోవుచున్నారో అడిగి తెలిసికొనెను.

మాదిరితోబాటు హెచ్చరికయు నున్నది. ఆ స్కాట్లండునకే చేరిన సెంట్ కిల్డా యను దీవికి పందొమ్మిదవ శతాబ్దమున పొగయోడలలో దర్శకులు వచ్చుచుండిరి. దానిని గూర్చిన గ్రంథములకును కొదువ లేదు. ఐనను 1930 ఆగస్టు 29న, మిగిలియున్న 36 మందియు తమ కోరికమీదనే దీవిని విడచిపోయిరి. దర్శకులు హెచ్చినంతమాత్రమున ఊరి యేకాంతము తగ్గదని దీనివలన తెలియుచున్నది. ఐర్లండు పడమటి కొసనున్న గ్రేట్ బ్లాస్కెట్ కథ వేరు. అచ్చటి జాలరి తొమాస్ ఓక్రోహన్ తన జీవితమును తన భాషలో తానే వ్రాసికొనెను. "దీవివాడు" అను నర్థముగల పేరుతో 1929 లో అది వెలువడినది. 1953 లో ఆ ఊరును ఖాళీయైనది. కాని ఆ గ్రంథము నిలిచినది. అందు దీవివాడు ఒకరి చూపునకు గురియైన వస్తువు గాడు, చెప్పువాడు. మన తీరమునుండియు అట్టి గ్రంథములు రావలయును. అందులకు ముందుగ ఆ పిల్లలకు నిరాటంకమైన చదువు గావలయును.

ఇక "వేరుపడిన ఊరు" అను మాటను విచారింతము. వేరుచేసినది నీరేనా? పడవగలవానికి నీరు గోడ గాదు, బాట. పులిగడ్డయొద్ద నదిపై అక్విడక్టు కట్టి దివిసీమ చేలకు కాలువనీటిని దాటించినవారు ఆంగ్లేయుల నాటివారే. వరిచేనికై నదిని దాటించుట సాధ్యమైనప్పుడు, మనుష్యుని దాటించుట అసాధ్యమనుట చెల్లదు. కావున వేరుచేసినది సగము భూగోళము, సగము మన యుపేక్ష. భూగోళమునే వర్ణించి యుపేక్షను విడచిన వ్యాసము, ఎంత మధురముగ నున్నను, సగము సత్యమునే చెప్పుచున్నది.

పాఠకులకు మా విన్నపమొకటి. ఇట్టి వ్యాసము మీ యింట చదువబడునప్పుడు, దానిని ఎదురుమొండి బడిలో బిగ్గరగ చదివినచో అచ్చటి తల్లులు తమ ఊరిని అందు గుర్తింతురా యని యోచింపుడు. గుర్తింతురని తోచినచో దాచికొనదగిన వ్రాత యది. గుర్తింపరని తోచినచో, రచయితను మరల రేవునకు బోయి, ఈసారి కొంతకాలము నిలిచి, అడిగి వ్రాయుమని కోరుడు.