ముందు చిట్టాలో రాయాలి

సర్వర్ల పనిలో ఉన్నవాళ్లకు ఒకప్పుడు కరెంటు పోవడం కన్నా, తిరిగి వచ్చాక జరిగేదంటేనే ఎక్కువ భయం. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఆ భయం తెలియదు. దాన్ని పోగొట్టిన ఏర్పాటేమిటో మాత్రం వాళ్లకు తెలియాలి.

లినక్సులో ఈఎక్స్‌టీ2 ఫైల్ సిస్టమ్ నడిచిన రోజుల్లో మెషీన్ అర్ధాంతరంగా ఆగిందంటే, మళ్లీ లేచేటప్పుడు డిస్కంతా గాలించే ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ మొదలయ్యేది. మొదటి పాస్‌లో ఐనోడ్లు (ఫైళ్ల వివరాలుండే రికార్డులు), రెండో పాస్‌లో డైరెక్టరీలు, అలా ఐదు పాస్‌లు. డిస్కు ఎంత పెద్దదైతే అంతసేపు. మెయిల్ సర్వర్‌లో అది సగంలో ఆగి రూట్ పాస్‌వర్డ్ అడిగితే ఇక మనమే కూర్చుని, అది వేసే ప్రతి ప్రశ్నకూ 'వై' కొట్టుకుంటూ పోవాలి. అంతా అయ్యాక లాస్ట్ ప్లస్ ఫౌండ్ డైరెక్టరీ తెరిస్తే, పేర్లు పోయి నంబర్లు మాత్రమే మిగిలిన ఫైళ్లు కనిపించేవి. ఏది ఎవరి ఉత్తరమో ఒక్కొక్కటీ విప్పి చూసుకోవడమే.

ఇంత గాలింపు ఎందుకంటే, ఒక ఫైలు చెరపాలన్నా డైరెక్టరీలోంచి పేరు తీయాలి, ఐనోడ్‌ను విడిపించాలి, దాని బ్లాకులు ఖాళీ అయ్యాయని బిట్‌మ్యాప్‌లో గుర్తు పెట్టాలి. మూడూ మూడు చోట్ల రాతలు. మధ్యలో కరెంటు పోతే పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే ఆధారం ఉండదు.

ఆ ఆధారాన్ని ఇచ్చేదే లాగింగ్. కొట్టు లెక్కలు ముందు చిట్టాకెక్కి తర్వాత ఆవర్జాలోకి వెళ్లినట్టు, చేయబోయే మార్పులన్నీ ముందు జర్నల్ అనే చిన్న భాగంలో వరసగా రాసి, చివర కమిట్ గుర్తు వేస్తారు. అసలు చోట్ల రాసేది ఆ తర్వాతే. క్రాష్ అయితే జర్నల్ ఒక్కటి చదివితే చాలు. ఫైల్ సిస్టమ్ కమిట్ అయినవాటిని మళ్లీ రాస్తుంది, కానివాటిని వదిలేస్తుంది. ఆ రికవరీ మధ్యలో మళ్లీ కరెంటు పోయినా ఫరవాలేదు, అదే రాత రెండోసారి రాసినా ఫలితం మారదు. అంటే కోలుకునే సమయానికి డిస్కు సైజుతో సంబంధం తెగిపోయింది, సగంలో ఉన్న పని ఎంతో అంతే. ఈ విద్యలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే.

ఆలోచన డేటాబేస్‌ల నుంచి వచ్చింది. జిరాక్స్ పార్క్‌లో రాబర్ట్ హాగ్‌మన్ 1987లోనే సీడర్ ఫైల్ సిస్టమ్‌ను ఇలా తిరగరాశారు. ఐబీఎం, ఎస్‌జీఐ ఈ పద్ధతిని తమ ఖరీదైన యంత్రాల్లో పెట్టుకున్నాయి. మామూలు లినక్సు మెషీన్లలో ఎక్కువమంది వాడిన ఈఎక్స్‌టీ3 మాత్రం స్టీఫెన్ ట్వీడీ చలవ. 2001 నవంబరులో 2.4.15 కెర్నల్‌తో వచ్చింది. ఉన్న ఈఎక్స్‌టీ2 డిస్కు మీద ట్యూన్2ఎఫ్‌ఎస్‌ను హైఫన్ జె ఆప్షన్‌తో నడిపితే జర్నల్ వచ్చి చేరేది. ఫార్మాట్ చేయనక్కర్లేదు, డేటా కదపనక్కర్లేదు. పాత సర్వర్లను నెత్తిన పెట్టుకున్న మాలాంటివాళ్లకు అది పెద్ద ఉపకారం. 'రికవరింగ్ జర్నల్' అన్న ఒక్క లైను వచ్చి, వెంటనే లాగిన్ ప్రాంప్ట్ కనిపించినప్పటి ఊరట నేను మరువలేను.

అయితే దీన్ని అతిగా నమ్మేవాళ్లను చూస్తే నాకు దిగులు. మామూలు సెట్టింగుల్లో జర్నల్‌కెక్కేది మెటాడేటా మాత్రమే, ఫైలులోని సరుకు కాదు. ఈఎక్స్‌టీ3లో కమిట్ 5 సెకన్లకోసారి. ఆలోగా రాసినవి పోవచ్చు. పైగా డిస్కు తన క్యాషేలో ఉంచుకుని 'రాసేశాను' అని చెబితే వరసే తప్పుతుంది. దాన్ని అడ్డుకునేదే బ్యారియర్. ఈఎక్స్‌టీ4లో అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. వేగం కోసం దాన్ని తీసేయడం తప్పు, బ్యాటరీ ఉన్న కంట్రోలర్ ఉంటే తప్ప.

ఇది చదివే అడ్మిన్‌లకు ఒక మనవి. ఈ వారం మీ సర్వర్లలో మౌంట్ ఆప్షన్లు ఒకసారి చూడండి. 'నోబ్యారియర్' కనిపిస్తే ఎవరు, ఎందుకు పెట్టారో అడగండి. రాతలు నిజంగా డిస్కుకు చేరేలా చూసే ఎఫ్‌సింక్‌ను డేటాబేస్‌లో ఆపేసి ఉంటే వెంటనే ఆన్ చేయండి. బ్యాకప్ మాత్రం జర్నల్ ఉన్నా తీయాల్సిందే.