పక్క గదిలో ఇంకొకరు

సోమవారం పొద్దున నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కితే చాలా సీట్లలో టీచర్లే. ఒళ్లో టిఫిన్ క్యారియర్లు, చేతుల్లో ఫోన్లు. టైముకు బడి చేరి యాప్‌లో ఫేస్ అటెండెన్స్ వేయాలన్న ఆదుర్దా. నా పక్కన కూర్చున్న మేడమ్ ఎస్జీటీ, అంటే ప్రాథమిక బడి టీచరు. ఆళ్లగడ్డలో దిగి, ఆటో పట్టుకుని పల్లెకు పోవాలి. యాప్‌లంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. "ఆ ఫొటోలే కదమ్మా మీ ప్రాణం తీస్తున్నాయి?" అన్నాను.

"ఫొటోలకేముంది సార్, పది నిమిషాలు. బళ్లో నేనొక్కదాన్నే. అదీ కష్టం" అన్నారు.

నా చిన్నప్పుడు మా ఊరి బళ్లో ఇద్దరు అయివార్లుండేవాళ్లు. మధ్యాహ్నం వేపచెట్టు కింద ఒకరి సంగటి, ఇంకొకరి పప్పు కలిపి తినేవాళ్లు. రాజకీయాలు మాట్లాడుకుంటున్నారనుకునేవాళ్లం. ఒకరోజు నీళ్లు తీసుకుపోతే నా సంగతే నడుస్తోంది. నాకు ఒత్తులు రావడం లేదు. "వానితో పలక మాన్పించి ఇసుకలో రాయించి చూడు" అన్నాడు పెద్దయివారు. నాలుగు రోజులకు ఇసుకలో 'అమ్మ' తప్పు లేకుండా రాశాను. చిన్నయివారు పక్క గదికి పరుగెత్తి పెద్దయివారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఇద్దరూ నా ముందు గొంతు కూర్చుని ఆ రెండక్షరాలూ చూశారు. ఉద్యోగంలో సంతోషం అంటే నాకు ఆ పరుగే.

"మీ బళ్లో ఎవరికైనా చదవడం వస్తే ఎవరికి చెప్తారమ్మా?" అని అడిగాను.

"ఇంటికి పోయి మా ఆయనకు. ఆయనకు ఆ పిల్లోడెవరో తెలీదు సార్."

1986 విద్యావిధానం వెంట వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక బడికీ కనీసం ఇద్దరు టీచర్లుండాలంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా 60 మంది పిల్లల దాకా ఇద్దరని రాసింది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 117తో చాలాచోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు పోయి, ఒకటీ రెండు తరగతులకు ఒక్క టీచరే మిగిలారు. 2025లో ఆ జీవో రద్దయింది, మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు ప్రకటించారు. మేడమ్ బడికి రెండో మనిషి ఇంకా రాలేదు.

యాప్‌ల మీద నా కోపం పోలేదు. కానీ ఇన్నాళ్లూ టీచర్ల బాధంతా వాటివల్లే అనుకుని రాశాను, అది తప్పు. అధికారులకు నా మనవి ఒక్కటే. పిల్లలు పదిమందే ఉన్నా సరే, ఆ బడికి రెండో టీచర్ని వేయండి.